ఒంగోలు జాతికి మాత్రమే

నేను ఒక బోర్డుని. బడిలో ఎక్కాలు రాసే బోర్డుని కాను, బస్సు నెత్తిన ఊరి పేరు మోసే బోర్డునీ కాను. గుమ్మం పక్కన మేకుకి వేలాడుతూ, లోపల కూర్చున్న మనిషి ఎవరో, ఏం చదివిందో దారిన పోయేవాళ్లకి చెప్పడం నా ఉద్యోగం. రెండు మూరల పొడవు, జానెడు వెడల్పు. ఇంతోటి ఒంటితో రెండు దేశాల పెద్దమనుషుల్ని ఒక పూటంతా నా చుట్టూ కూర్చోబెట్టానంటే మీరు నమ్మరు. నమ్మకపోయినా వినండి. వినడానికి డిగ్రీ అక్కర్లేదు.

పుట్టింది నల్లతుమ్మ కడుపున. ఒంగోలుకి పడమటగా గుండ్లవాగు అని ఒక ఊరుంది. ఆ ఊళ్లో బాపయ్య అనే రైతు ఎడ్లబండికి పక్కపలకగా బతుకు మొదలుపెట్టాను. ఎరువు మోశాను, మిరపకాయలు మోశాను, ఒకసారి పెళ్లికూతుర్నీ మోశాను. ఏది మోసినా నీ అర్హత ఏమిటని నన్నెవరూ అడగలేదు. చెక్క గట్టిదా కాదా అని వేలితో కొట్టి చూశారు, అంతే. తర్వాత ట్రాక్టరు వచ్చింది. బండి పొయ్యిలోకి పోయింది. నేనూ పోవలసినదాన్నే గానీ, శేషారత్నం అడ్డం పడింది.

రావిపాటి శేషారత్నం పశువుల డాక్టరు. చదువు పూర్తి చేసి, గుండ్లవాగు పాలకేంద్రం ఎదురుగా ఒక గది అద్దెకి తీసుకుంది. ఆడపిల్ల, అందులోనూ సన్నటి పిల్ల, గిత్తల దగ్గరకేం పోతుందిలే అని ఊరు నెల్లాళ్లు నవ్వుకుంది. ఈలోగా బాపయ్య కోడెదూడ సింగడు తడి పిల్లిపెసర తెగమేసి, కడుపుబ్బి, కాళ్లు చాపేసింది. శేషారత్నం వచ్చి ఎడమ పక్కలో ఒక చోట వేలుపెట్టి చూసి, సూది లాంటి గొట్టంతో పొడిచింది. బుస్సుమని గాలి పోయింది, దూడ లేచి నిలబడింది, ఊరి నవ్వు ఆగిపోయింది. బాపయ్య మాత్రం రచ్చబండ మీద చాలా రోజులు అదే కథ చెప్పాడు.

"ఈడ పొడిస్తే బతికింది. బెత్తెడు అటు పొడిస్తే పొయ్యేది. ఆ బెత్తెడు తెలిసినోళ్లని డాక్టరంటారు, తెలీనోళ్లని మామూలుగా అల్లుళ్లంటారు" అనేవాడు. ఆయనకి అల్లుడంటే గిట్టదు లెండి.

ఆ కృతజ్ఞత కొద్దీ బండి పలక ఒకటి పొయ్యిలోకి పోకుండా తీయించి, చిత్రిక పట్టించి, ఆమెకి బోర్డు చేయించి ఇచ్చాడు. ఆ పలకని నేనే. అక్షరాలు రాయడానికి ఒంగోలు నుంచి మస్తాన్‌వలి వచ్చాడు. ఆయన సినిమా హాళ్లకి రాసిన చెయ్యి. ప్రతి అక్షరానికీ ఒక నీడ వేయకపోతే అన్నం సహించదు. తెలుగులో ఒక వరస, ఇంగ్లీషులో ఒక వరస రాశాడు. పేరుని సన్నగా రాసి, ముందున్న 'డాక్టర్'ని, వెనకున్న డిగ్రీని మాత్రం ఎద్దుకొమ్ములంత లావున దించాడు. ఇదేమిటని శేషారత్నం అడిగితే, "పేరు అందరికీ ఉంటదమ్మా, డిగ్రీ ఎందరికుంటది?" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. తర్వాత తర్వాత నా కష్టాలన్నీ ఆ లావు అక్షరాల వల్లే వచ్చాయి.

ఇక సముద్రం సంగతి. మన తూర్పు సముద్రం దాటి చాలా దూరం పోతే మోర్వా అని ఒక దీవి దేశం ఉంది. ఒక పెద్ద దీవి, దాని చుట్టూ తల్లి వెంట కోడిపిల్లల్లా చిన్న దీవులు. ఎప్పుడో తాతల నాడు చెరకు తోటల్లో పనికని విశాఖ వైపు నుంచి ఓడలెక్కి పోయినవాళ్ల మనవలు, మునిమనవలు అక్కడ చాలామంది ఉన్నారు. వాళ్లకి అన్నీ ఉన్నాయి, పాలే లేవు. పాలంటే వాళ్లకి డబ్బాలో వచ్చే పొడి. సరిగ్గా ఆ రోజుల్లోనే, సముద్రం చుట్టూ ఉన్న దేశాలన్నీ కలిసి తీర దేశాల మండలి అని ఒకటి పెట్టుకుని, ఒకరి సరుకు ఒకరు సులువుగా కొనుక్కుందామని మాటలు మొదలుపెట్టాయి. మోర్వా వాళ్లు మొట్టమొదట అడిగింది ఒంగోలు గిత్తల్ని. ఎండకి ఓర్చుకునే జాతి గదా. ఎంచిన గిత్తల్లో బాపయ్య సింగడు ఒకటి. అప్పటికి దాని మూపురం మీద చిన్నపిల్లాణ్ని కూర్చోబెట్టొచ్చు.

గిత్త దేశం దాటాలంటే దానికి రోగం రొష్టూ లేదని ఒక డాక్టరు సంతకం పెట్టాలి. సర్కారు వారు ఆ పని మన శేషారత్నానికి అప్పగించారు. ఆమె గిత్తల పళ్లు చూసి, నెత్తురు పరీక్ష చేయించి, కాగితం కింద సంతకం గీకింది. ఓడ మోర్వా రేవుకి చేరగానే అక్కడి అధికారి కాగితం చూశాడు, సంతకం చూశాడు, తల ఊపాడు. గిత్తలు కొమ్ములు విసురుకుంటూ దేశంలోకి నడిచిపోయాయి. మంత్రిగారు వచ్చి సింగడికి పూలదండ వేసి ఫొటో దిగారు. సింగడు ఆ దండ తినేసిందని తర్వాత తెలిసింది.

దండ తిన్నది గానీ మేత తినడం మానేసింది. కొత్త చోటు, కొత్త నీళ్లు, ఉప్పుగాలి. సింగడు ఉన్నది గవలదీవి అనే చిన్న దీవిలో. అక్కడి పాల సంఘం వాళ్లు భయపడి గుండ్లవాగుకి కబురు పెట్టారు. బాపయ్య మా గదికి వచ్చి, అరుగు మీద కూర్చుని, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"అమ్మాయ్, నీ సంతకం మీదనే గదా నేను వాణ్ని పంపించింది. వాడికి నీ చెయ్యి తెలుసు. ఒక తూరి పొయ్యి చూసి రాగూడదా?"

"పోతే ఒక తూరితో అయ్యేపని కాదులే మామా" అంది శేషారత్నం. అంది గానీ, నన్ను మేకు నుంచి దించడం అప్పుడే మొదలుపెట్టింది. పాల సంఘం వాళ్లు ఉద్యోగం కూడా ఇస్తామన్నారు. అట్లా ఆమె బట్టల పెట్టెలో, చీరల మధ్య పడుకుని, నేను దేశం దాటాను.

మోర్వా రేవులో మా ఇద్దరికీ పరీక్ష జరిగింది. ముందు నా వంతు. చెక్క గనక పురుగు ఉండొచ్చని ఒక గదిలో పెట్టి పొగ పెట్టారు. కాసేపటికి బయటికి తీసి, వీపు మీద ఒక ముద్ర గుద్ది, పొమ్మన్నారు. తర్వాత శేషారత్నం వంతు. ఆమె చదువు కాగితాలు తిరగేసి, మరగేసి, ఒక లావుపాటి పుస్తకంలో వెతికి, మీ చదువు మా జాబితాలో లేదన్నారు. ఆమెకి పురుగు లేదని తేల్చే యంత్రం వాళ్ల దగ్గర లేదు.

ఎందుకు లేదంటే, ఆ మండలి వాళ్లు ఒప్పందం రాసేది రెండు గదుల్లో కూర్చునట. ఒక గది సరుకులది. గిత్తలు, జీడిపప్పు, తారు పీపాలు అన్నీ అక్కడ తేలతాయి. రెండో గది మనుషుల పనులది. ఏ దేశం చదువు ఏ దేశంలో చెల్లాలో అక్కడ తేలాలి. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టుకున్న తోడికోడళ్లలాగా, ఒక గదిలో ఏం ఉడుకుతోందో ఇంకో గదికి తెలియదు. సరుకుల గది చకచకా నడిచింది. మనుషుల గది మాత్రం వృత్తుల్ని ఇంగ్లీషు అక్షరాల వరసలో తీసుకుంది. లెక్కలు చూసేవాళ్లు, ఇళ్ల నక్షాలు గీసేవాళ్లు వరస మొదట్లో ఉన్నారు, గట్టెక్కారు. పశువుల డాక్టరు మాట, ఇంగ్లీషులో 'వెటర్నరీ' గనక, ఆ వరసలో తోక దగ్గర ఉంది. ఆ తోక దాకా రావడానికి ఎన్నేళ్లు పడుతుందో ఆ గది కుర్చీలకి కూడా తెలియదు.

కాబట్టి గవలదీవి పాల సంఘంలో శేషారత్నం డాక్టరు కాదు, పశు సహాయకురాలు. కడగొచ్చు, మేపొచ్చు, మాత్ర మింగించొచ్చు. సూది వేయకూడదు, కత్తి పట్టకూడదు. సూది వెయ్యాలంటే పెద్ద దీవి నుంచి పడవ మీద అక్కడి డాక్టరు రావాలి. ఆయన సూది వేస్తుంటే ఈమె తోక పట్టుకోవచ్చు. నా మీదున్న 'డాక్టర్' అన్న మాటా, డిగ్రీ అక్షరాలూ కనపడకూడదని పశువైద్యుల పరిషత్తు నుంచి ఆజ్ఞ వచ్చింది. శేషారత్నం తన సంచీలోంచి గాయాలకి వేసే అంటుపట్టీ తీసి, నా రెండు చివర్లా అతికించింది. రెండు చెవులకీ దెబ్బ తగిలినవాడిలాగా సంఘం గుమ్మానికి వేలాడాను. వచ్చినవాళ్లంతా పట్టీ కింద ఏముందా అని వంగి మరీ చూసేవాళ్లు. మామూలుగా ఉంటే నన్నెవరూ చదివేవాళ్లు కాదు.

సింగడు ఆమె గొంతు వినగానే మేత పట్టింది. మేత పట్టిన గిత్త ఊరుకుంటుందా. దీవిలోని ఆవులన్నీ పొట్టివి, గుండ్రటివి, మెత్తటివి. వాటికి సింగడు సంబంధం కుదిరింది. ఏడాది తిరిగేసరికి ఎవరి కొట్టంలో చూసినా నిండుచూలు ఆవులే.

వాటిలో సింహాద్రమ్మ ఆవు ఒకటి. సింహాద్రమ్మ చెరకు తోటల్లో పనిచేసి ముసలిదైంది. మొగుడు లేడు, ఆవు ఉంది. ఆమె తాత విశాఖ వైపు నుంచి తెచ్చిన తెలుగుని ఉప్పులో ఊరేసినట్టు దాచుకుంది. వానాకాలం, మిట్టమధ్యాహ్నం, సముద్రం మనిషెత్తు లేస్తున్న రోజున ఆమె ఆవుకి నొప్పులు మొదలయ్యాయి. తల్లి పొట్టిది, లోపలున్నది సింగడి బిడ్డ. దూడ తల అడ్డం తిరిగి ఇరుక్కుంది. పెద్ద దీవి డాక్టరుకి ఫోను చేశారు. ఈ గాలిలో పడవ వెయ్యరు, రేపు చూద్దాం అని జవాబొచ్చింది. రేపటి దాకా ఆవు ఉండదని శేషారత్నానికి తెలుసు. దాని కళ్లు అప్పటికే వాలిపోతున్నాయి.

ఆమె సంఘం గుమ్మంలో, నా కిందే, కత్తులున్న పెట్టె పట్టుకుని నిలబడింది. కత్తి పడితే పరిషత్తు ఊరుకోదు. ఇక్కణ్నుంచి పంపించేయడమే కాదు, మన దేశానికి రాస్తారు. అప్పుడు గుండ్లవాగులో కూడా నన్ను వేలాడదీసే హక్కు ఉండదు. ఆ సంగతే సింహాద్రమ్మకి చెప్పింది. ముసల్ది విన్నది. తడిసిన చీరతో అరుగెక్కి, నా ఎడమ చెవి మీదున్న పట్టీ చివర గోటితో లేపి, చర్రున పీకేసింది. తర్వాత కుడి చెవిది.

"పుండు లేని సోట పట్టీ ఏటమ్మా" అంది. "దా. ఆవు సూస్తంది."

శేషారత్నం వెళ్లింది. సింహాద్రమ్మ కొట్టంలో ఏం జరిగిందో నేను చూడలేదు, నా మేకు నుంచి అది కనపడదు. వానలో ఒక అరుపు విన్నాను, చాలాసేపు ఏమీ వినలేదు, ఆ తర్వాత తడిగొంతుతో ఒక దూడ అంబా అనడం విన్నాను. తల్లీ బతికింది, పెయ్యదూడా బతికింది. దూడ మెడ మీద, చింతగింజంత, మూపురం కూడా ఉందట.

సముద్రం తగ్గగానే పెద్ద దీవి నుంచి డాక్టర్ గిల్బేర్ వచ్చాడు. పశువైద్యుల పరిషత్తుకి ఆయనే అధ్యక్షుడు. పొడుగాటి మనిషి, తెల్ల గెడ్డం, ఎప్పుడో చలిదేశంలో చదివొచ్చాడు. ఆ చదువు మోర్వాలో ఎందుకు చెల్లుతుందని ఎవరూ అడగలేదు. అది దొరల కాలం నుంచి చెల్లుతోంది, అంతే. ఆవుని సంఘం వాకిట్లోకి తోలించి, దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని కుట్లు చూశాడు. వేలితో తడిమాడు. లేచి జేబులోంచి నోటీసు తీసి శేషారత్నం చేతిలో పెట్టాడు. పెడుతూనే, లోపలి కుట్టుకి ఏ దారం వాడావమ్మా అని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన అదే జేబులోంచి చిన్న కాగితం తీసి ఆ దారం పేరు రాసుకున్నాడు. మనుషులు విచిత్రమైనవాళ్లు. ఒకే జేబులోంచి రెండూ తీస్తారు.

దారం సంగతి గిల్బేర్ ఎవరికీ చెప్పలేదు. నేరానికి సాక్ష్యం కావాలి గదా. సింహాద్రమ్మని అడిగితే, "ఆవు దానంతటదే ఈనింది బాబూ, గీతలంటారా, ముళ్లకంప గీసుకున్నాది" అంది. ముళ్లకంప అంత వరసగా కుట్లు వేస్తుందా అని గిల్బేర్ అడగలేదు. కానీ ఆయన వెంట వచ్చిన గుమాస్తా కన్ను నా మీద పడింది. పట్టీలు లేవు. 'డాక్టర్' అని ఎద్దుకొమ్ములంత లావున కనపడుతోంది. నన్ను మేకు నుంచి పీకి, మెడకి ఒక చీటీ కట్టి, సంచీలో వేసుకున్నాడు. కోసిన చెయ్యి మీద రుజువు లేదు గానీ, కొయ్య మీద దొరికింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే తీర దేశాల మండలి సమావేశం మోర్వా పెద్ద దీవిలోనే, సముద్రపొడ్డు హోటల్లో జరుగుతోంది. మనుషుల గదిలో మన దేశం తరఫున ఒక పెద్ద అధికారి, మోర్వా తరఫున కొందరు, సలహా చెప్పడానికి గిల్బేరూ. ఈ తగువు ఎటూ రెండు దేశాల మధ్యది కాబట్టి అక్కడే తేలుద్దామని శేషారత్నాన్ని పిలిపించారు. నన్ను బల్ల మధ్యన వెల్లకిలా పడుకోబెట్టారు. మొదటి గంటంతా పశువుల డాక్టరుని మనుషుల వృత్తుల్లో చేర్చాలా, పశువుల సరుకుల్లో చేర్చాలా అని మాట్లాడుకున్నారు. ఆ వాదనలో ఎవరో నన్ను పళ్లెం అనుకుని వేడి టీకప్పు పెట్టారు. 'శే' మీద ఆ గుండ్రటి మచ్చ ఇప్పటికీ ఉంది.

అప్పుడు శేషారత్నం వంతు వచ్చింది. ఆమె ఇంగ్లీషులోనే మాట్లాడింది. నాకు మాత్రం అది గుండ్లవాగు మాటగానే వినపడింది.

"ఆ గిత్తల కాగితం మీద సంతకం నాదేనండి. మీ రేవులో అది చెల్లింది. సంతకం చేసిన చెయ్యి మటుకు చెల్లదంటున్నారు. చెయ్యి డాక్టరుది కాకపోతే ఆ సంతకం ఎట్టా చెల్లిందో చెప్పండి. గోడకి అవతల చెల్లి, ఇవతల చెల్లకుండా పోతదా?"

తోడికోడళ్ల వంటలు మొదటిసారి ఒక విస్తట్లో పడ్డాయి. మన అధికారి మీసం సవరించుకున్నాడు. నాకు పెయింటు పొంగింది.

గిల్బేర్ తల ఊపాడు. "న్యాయంగానే అడిగింది" అన్నాడు. "చెయ్యి చెల్లకపోతే సంతకం కూడా చెల్లకూడదు. అయితే ఆ కాగితాన్నే రద్దు చేద్దాం."

ఇదుగో, చదువుకున్నవాళ్ల తర్కం ఇట్లా ఉంటుంది. గోడకి కన్నం ఉందని చూపిస్తే, గోడే కూల్చేద్దామంటారు. మోర్వా చట్టం ప్రకారం సరైన డాక్టరు కాగితం లేకుండా వచ్చిన పశువుని, దాని వల్ల పుట్టినవాటినీ ఉంచకూడదు. ఉంచకూడదంటే తిప్పి పంపడం కూడా కాదు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు గానీ, శేషారత్నం మొహంలో నెత్తురు ఇంకిపోవడం నేను బల్ల మీది నుంచి చూశాను. పక్క గదికి ఈ సంగతి ఎట్లా పాకిందో, సరుకుల గది పెద్దమనిషి ఒకాయన చేతిలో సగం తిన్న వడతో పరుగెత్తుకొచ్చాడు. గిత్త మెడలో మంత్రిగారు దండ వేసిన ఫొటో అన్ని పేపర్లలో వచ్చిందే, ఇప్పుడా గిత్త దొంగ అని ఎట్లా చెప్పమంటారని మొత్తుకున్నాడు. ఈ గదివాళ్లు ఆ గదివాళ్ల మీద, ఆ గదివాళ్లు ఈ గదివాళ్ల మీద పడ్డారు. శేషారత్నం లేచి నిలబడింది. ఆమె కోసం ఎవరూ ఆగలేదు. బల్ల మీదున్న నన్ను ఎత్తి, మళ్లీ బల్ల మీద టపీమని కొట్టింది. అప్పుడు ఆగారు.

"వద్దండి" అంది. "నేనన్న మాట ఎనక్కి తీసుకుంటున్నా. నేను డాక్టర్ని కాదు, సరేనా? రేపటి పడవకే పోతా. మా ఊరికేం రాసుకుంటారో రాసుకోండి. గిత్తల జోలికి మాత్రం పోబాకండి. కొట్టాలనిండా చూలు ఆవులున్నాయి."

మన అధికారి మీసం మీది నుంచి చెయ్యి తీశాడు. గిల్బేర్ కళ్లద్దాలు తీసి తుడిచాడు. తుడిచినవాటినే మళ్లీ తుడిచాడు. చివరికి, మీరంతా ఇంత గొడవ పడక్కర్లేదు, చిన్న దారి ఉంది అన్నాడు. ఈమె ఏ పశువులకి సంతకం పెట్టిందో ఆ పశువుల వరకే ఈమెని డాక్టరుగా ఒప్పుకుందాం, మన ఆవులకి మన డాక్టర్లే. ఒంగోలు జాతికి మాత్రమే. దాంతో సంతకమూ నిలుస్తుంది, మన పరిషత్తు గౌరవమూ నిలుస్తుంది.

అందరికీ ఎంత హాయి అనిపించిందో చెప్పలేను. ఎవరూ ఓడలేదు. ఎవరూ గెలవలేదు కాబట్టి అందరూ గెలిచామనుకున్నారు. భోజనం గంట కొట్టారు. చిత్తుప్రతి మీద సంతకాలు చేస్తుండగా, గిల్బేర్ తన కలం తీసి, 'ఒంగోలు జాతి పశువులకు' అన్న మాట పక్కన సన్నటి అక్షరాలతో 'వాటి సంతానంతో సహా' అని చేర్చాడు. బిర్యానీ వాసన వస్తోంది. ఎవరూ చూడలేదు, చూసినవాళ్లకి అందులో తప్పు కనపడలేదు.

నాకు మాత్రం అప్పటినుంచి ఒక అనుమానం. ఊళ్లో గిత్తని వదిలితే ఏం జరుగుతుందో ఆ గదిలో ఎవరికీ తెలియకపోవచ్చు. కానీ జీవితమంతా పశువుల మధ్య గడిపిన గిల్బేర్‌కి తెలియదా? ఆయన్ని అడగడానికి నాకు నోరు లేదు. శేషారత్నం ఒకసారి అడిగిందట. ఆయన, మీ దేశం దారం బాగుంటుందమ్మా, ఇంకో పెట్టె తెప్పించి పెట్టు అన్నాడట.

నన్ను మెడలో చీటీతో సహా తిరిగి ఇచ్చేశారు. నా కింది అంచున, జాగా లేకపోయినా ఇరికించి, అక్కడి పెయింటరు ఒకడు 'ఒంగోలు జాతికి మాత్రమే' అని కొత్త వరస రాశాడు. వాడికి నీడలు వేయడం రాదు. మస్తాన్‌వలి చూసి ఉంటే కన్నీళ్లు పెట్టుకునేవాడు. ఈసారి సంఘం గుమ్మానికి కాక, శేషారత్నం సొంతంగా తెరిచిన దొడ్డి గేటుకి, అందరికీ కనపడాలని కిందుగా కట్టారు నన్ను. సింగడికి జలుబు చేస్తే ఇక ఆమే డాక్టరు. సింగడికి మాత్రం జలుబు చేసే తీరిక లేదు.

మొదటి ఏడు అది నిజంగానే చిన్న డాక్టరీ. ఉన్న గిత్తలు, వాటి దూడలు, అంతే. పక్కనే దీవి ఆవు మూలుగుతుంటే చేతులు కట్టుకుని పడవ కోసం చూడటం ఆమెకి అన్నం సహించనిచ్చేది కాదు. ఆ తర్వాత దూడలు పెరిగాయి. పెయ్యలు ఆవులయ్యాయి. కోడెలు కంచెలు దూకాయి. దూకిన కోడెని ఏ పరిషత్తు ఆపుతుంది? ముసలి దీవి ఆవులు ఒక్కొక్కటే పోతుంటే, వాటి చోట మూపురాలు లేచాయి. కొన్నేళ్లకి గవలదీవిలో సింగడి నెత్తురు లేని ఆవు కావాలంటే బొమ్మ గీసుకోవలసిందే.

అప్పుడు పరిషత్తు నుంచి ఒక కొత్త తనిఖీ అధికారి వచ్చాడు. కుర్రవాడు, కొత్త బూట్లు. గిల్బేర్ అప్పటికి పని విరమించాడు. ఈ కుర్రవాడు చట్టం బాగా చదివొచ్చాడు. ఆ రోజు సింహాద్రమ్మ జ్వరం వచ్చిన ఆవుని తోలుకొచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది. ఆనాడు కోసి తీసిన పెయ్యదూడ ఉంది గదా, దాని కూతురు. శేషారత్నం సూది ఎక్కిస్తోంది. అధికారి ఆవు చుట్టూ తిరిగాడు. మూపురం చూశాడు. పొట్టి కాళ్లు చూశాడు. ఇది ఒంగోలు జాతి ఎట్లా అవుతుంది, సంతానం అంటే కొడుకులూ కూతుళ్లే గదా, ఇది మనవరాలు, ఇందులో సగానికి పైగా మా దీవి నెత్తురే అన్నాడు. వాడు తెలివైనవాడే. శేషారత్నం సూది పట్టుకుని ఆగిపోయింది. ఈ ఒక్క ఆవు కాదంటే దీవిలో ఉన్న ఆవులన్నీ చెయ్యి జారిపోతాయి. మళ్లీ ఆ హోటలు, ఆ బల్ల.

సింహాద్రమ్మ ఆవు మెడ మీద చెయ్యి వేసి, తాపీగా అడిగింది.

"బాబూ, నీకు తాత ఉన్నాడేటి?"

ఉన్నాడన్నాడు.

"నువ్వాయన సంతానం కావేటి? ఆయన సొత్తు అడగవేటి?" వాడు ఆ మాట మింగే లోపు ముసల్ది ఆవుని వాడి ముందుకి జరిపింది. "పోనీ నీ మాటే కానీ. మూపురం సింగడిది, ముడ్డి మీ దీవిది. ఏ పక్కకి జొరమొచ్చిందో సెయ్యేసి సూసి సెప్పు. ఆ పక్కకి ఆ డాట్రు సేత ఏయిస్తాను."

కుర్రవాడు నిజంగానే ఆవు మీద చెయ్యి వేశాడు. ముందు మూపురం మీద, తర్వాత వెనక. రెండు పక్కలా ఒకే వేడి. వాడి చెయ్యి అక్కడే కాసేపు ఉండిపోయింది. ఆవు ఒళ్లు జలదరించింది. వాడు చెయ్యి తీసి, శేషారత్నం వైపు చూసి, సూది వెయ్యండి డాక్టరుగారూ అన్నాడు. ఆ దేశం సర్కారు నౌకరు ఎవరైనా ఆమెని అధికారికంగా ఆ మాటతో పిలవడం అదే మొదలు. శేషారత్నం తల ఎత్తలేదు. సూది వేసి, వేసిన చోట అరచేత్తో చాలాసేపు రుద్దింది. అంతసేపు రుద్దే పని లేదు. నేను ఆమెని ఎప్పటినుంచో ఎరుగుదును.

తర్వాతి వారం ఆ కుర్రవాడే తన కుక్కని చంకలో పెట్టుకొచ్చాడు. దానికి మూపురం గానీ, కొమ్ములు గానీ లేవు. శేషారత్నం దాని నోరు తెరిచి చూస్తూ, "దీని అమ్మమ్మది ఏ ఊరు?" అని అడిగింది. వాడు సిగ్గుపడ్డాడు. కుక్క సిగ్గుపడలేదు.

మనుషుల గదివాళ్లు ఇంకా అక్షరాల వరసలోనే ఉన్నారని విన్నాను. తోక దాకా వస్తారు, తప్పకుండా వస్తారు. వచ్చేసరికి ఇక్కడ తేల్చడానికి ఏమైనా మిగిలి ఉంటే తేలుస్తారు. నేను వాళ్లని తప్పుపట్టను. వాళ్లు కాగితం మీద దున్నుతారు, అది గట్టి నేల. సింగడు దున్నింది మెత్తటి నేల.

ఇప్పుడు నాకు పని తక్కువ. గవలదీవిలో డాక్టరమ్మ ఇల్లు ఎక్కడని అడిగేవాళ్లు లేరు, కాబట్టి చదివేవాళ్లూ లేరు. ఎండకి ఇంగ్లీషు వరస పొట్టు లేచింది. కిందుగా కట్టారని చెప్పాను గదా, దొడ్లోని దూడలకి నా కింది అంచు మెడ దురదకి సరిగ్గా అందుతుంది. పొద్దున పాలు తాగి వచ్చి, ఒకదాని తర్వాత ఒకటి, మూపురాలూ మెడలూ నా మీద గీరుకుని పోతాయి. వాటి రాపిడికి ఆ నీడలేని వరసలో చివరి మాట, 'మాత్రమే', ముందుగా చెరిగిపోయింది. శేషారత్నం పెయింటు డబ్బా ఒకటి తెచ్చి గూట్లో పెట్టుకుంది. మూత ఇంతవరకూ తియ్యలేదు.